గోదావరి వంట – ఆనకట్టకు ముందూ తరువాతా

గోదావరి జిల్లాల వంట అనగానే మీకు ఏమేమి జ్ఞాపకం వస్తాయి? ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముద్దపప్పు, దప్పళం, పులస పులుసు, పూతరేకులు, కాజాలు. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు చాలు చాలన్నా వినకుండా "ఇంకొక్క బూరె వేయించుకోవాలండి, ఆయ్" అని నెయ్యి ధారగా పోసే మర్యాద. పట్నాలలో కాపురాలు చేస్తున్న మనలో కొందరికి "గోదావరి రుచులు" అని బోర్డు కట్టిన హోటలు కూడా జ్ఞాపకం రావచ్చు. ఈ సిరి అంతా అనాదిగా ఉన్నదనే మన నమ్మకం. పక్కన అంత పెద్ద ఏరు పారుతూ ఉండగా అన్నానికి లోటేమిటి అనుకుంటాం.

కాని, సోదరీమణులారా, రెండు వందల ఏళ్ళ కిందట ఆ ఏటి గట్టునే జనం అన్నం లేక చనిపోయారు. 1832-33లో వచ్చిన నందన కరువు పేరు మీరు వినే ఉంటారు. గుంటూరు సీమలో అది మరీ ఘోరంగా ఉన్నదని చరిత్రలో రాశారు గాని, అప్పటి రాజమండ్రి జిల్లాకూ ఆ బాధ తప్పలేదు. కరువులు, తుపానులు, వలసలు అన్నీ కలిసి ఎంత పని చేశాయంటే, 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉన్న ఆ జిల్లా జనాభా 1841 నాటికి అయిదున్నర లక్షల పైచిలుకుకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో జనం పెరగవలసింది పోయి తరిగారు! వానాకాలంలో గోదావరి నిండుగా పొర్లి సముద్రంలో కలిసిపోయేది. వాన ముఖం చాటేసిన ఏడు పొలం ఎండేది. ఏటిలో నీరు ఉంటే మాత్రం పొలానికి ఎక్కే దారి ఏది?

ఆ దారి చూపించినవాడు ఆర్థర్ కాటన్. అంతకుముందు తమిళదేశంలో కావేరి మీద చోళులనాటి కల్లణైని చూసి, అక్కడ పనిచేసి వచ్చిన ఇంజనీరు. ఆయన గ్రహించిన కిటుకు చాలా సులభమైనది. డెల్టా నేల ఏటి ఒడ్డున ఎత్తుగానూ, దూరం పోయినకొద్దీ పల్లంగానూ ఉంటుంది. కాబట్టి డెల్టా మొగదల దగ్గర ఏటికి అడ్డుగట్టి నీటిని కొద్దిగా పైకెత్తితే చాలు, ఆ తరువాత కాలువల్లో నీరు తనంతట తానే దిగువకు పోతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం – ఈ నాలుగు పాయల మీద 1847లో పని మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేశారు. కంపెనీవారికి శిస్తు మీద ఉన్న ఆశే ఈ పనికి డబ్బు ఇప్పించిందని మరువకూడదు. అయినా గోదావరివాళ్ళు కాటన్ దొరను దేవుడితో సమానంగా చూస్తారు. స్నాన సంకల్పంలో ఆయన పేరు చేర్చుకొని చదివినవారు కూడా ఉండేవారని చెప్పుకుంటారు. ఇప్పుడున్నది ఆ పాత ఆనకట్ట కాదు. దాని బదులు కట్టిన బ్యారేజి 1982లో పూర్తయింది, దానికీ కాటన్ పేరే పెట్టారు. 1891 లెక్కలనాటికి గోదావరి జిల్లా జనాభా ఇరవై లక్షలు దాటింది. మధ్యలో జిల్లా ఎల్లలు పెరిగిన మాట నిజమే గాని, కడుపుకు తిండి లేకపోతే ఎల్లలు ఎంత పెంచితే మాత్రం ఏం లాభం?

ఇక మన వంటింట్లోకి వద్దాం. ఆనకట్టకు ముందు కూడా గోదావరిలో వరి లేకపోలేదు. వాన పడిన ఏడు పండేది. కాని సామాన్యుల పొయ్యి మీద రోజూ ఉడికింది వరి ఒక్కటే కాదు. చోళ్ళు, గంటెలు, జొన్నలు కూడా. చోడి అంబలి తాగి పొలానికి పోవడం, రాత్రికి ఇంత వరి అన్నం ఉంటే పండుగ అనుకోవడం. కాలువలు వచ్చాక మాగాణి పెరిగింది, మెట్ట పంటలు గట్టు దాటి మెట్టసీమకు పోయాయి. మూడు పూటలా తెల్లన్నం తినడం మర్యాద అయింది. చోళ్ళు తినేవాళ్ళంటే చిన్నచూపు అయింది. పదిహేనో శతాబ్దంలో రాజమహేంద్రవరం రెడ్డిరాజుల ఆస్థానంలో ఉన్న శ్రీనాథుడంతటివాడు పల్నాడు వెళ్ళి అక్కడి జొన్నకూడును ఎగతాళి చేశాడని చాటువులు చెబుతున్నాయి. సన్నన్నం మీద మన మోజు ఆయన కాలంనుంచే ఉన్నదన్నమాట! కాలువలు ఆ మోజును ఇంటింటికీ తెచ్చిపెట్టాయి.

ఈ తెల్లన్నం కథలో మనం ఆడవాళ్ళం జ్ఞాపకం పెట్టుకోవలసిన ముచ్చట ఒకటున్నది. పూర్వం ధాన్యం రోట్లో పోసి రోకలితో దంచేవారు. ఊరి పేద ఆడవాళ్ళకు దంపుళ్ళు ఒక జీవనాధారం. ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా నిలబడి పోటు మీద పోటు వేస్తుంటే ఆ పాటకు పని తెలిసేది కాదట. (పాట విన్నవాళ్ళకు తెలిసేది కాదేమో గాని, దంచినవాళ్ళ భుజాలకు తెలియకుండా ఉంటుందా!) ఇరవయ్యో శతాబ్దంలో కాలవగట్ల వెంబడి రైసుమిల్లులు వెలిశాయి. దంపుళ్ళు పోయాయి, వాటితో ఆ కూలీ పోయింది. బియ్యం మల్లెపూవులా తెల్లనయ్యాయి. మల్లెపూవు అన్నం తిన్నవాళ్ళకు ఏమయిందో తెలుసునా? కాళ్ళు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె నీరసించే బెరిబెరి జబ్బు పట్టుకుంది. హిందూదేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించిన ప్రాంతం ఏదయ్యా అంటే, మన ఉత్తర సర్కారు జిల్లాలే! కూనూరులోని పోషకాహార పరిశోధనశాలవారు 1920లలో, 1930లలో దీన్ని గురించి పరిశోధించి కారణం తేల్చారు. తవుడుతో పాటు బి-1 విటమిను పోతున్నది. మిగిలిన కాస్త కూడా బియ్యం రెండు మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోయడంతో పోతున్నది. తమిళులు ఉప్పుడు బియ్యం తింటారు. ఉడకబెట్టినప్పుడే ఆ సారం గింజలోకి దిగిపోతుంది గనుక వాళ్ళను ఈ జబ్బు అంతగా బాధించలేదు. వాన కురవనప్పుడు ఆకలితో పోయిన చోటే, కాలువలు నిండుగా పారుతున్నప్పుడు తెల్లన్నంతో జబ్బు పడడం చూశారా! ఇప్పుడు ఆ జబ్బు అరుదు. పప్పులు, కూరగాయలు, పాలు మునుపటికన్నా ఎక్కువమందికి అందుతున్నాయి. అయినా అన్నం ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప అనే భ్రమ మన ఇళ్ళలో ఇంకా ఉన్నది కదూ?

అసలు ఏ దేశపు వంట అయినా "మా తాతముత్తాతలది" అని చెప్పేముందు కాస్త ఆగి చూడాలి. ఉదాహరణకు బెల్జియం అనే చిన్న దేశం ఉన్నది. గోదావరిలాగే ఏళ్ళూ, కాలువలూ, పల్లపు నేలా ఉన్న దేశం. ఆ దేశస్థులు తమ జాతీయ వంట అని గర్వంగా చెప్పుకునేది బంగాళాదుంప వేపుడు. ఆ దుంప అమెరికా ఖండం నుంచి వచ్చినది. పదహారో శతాబ్దానికి ముందు వారికి దాని మొహమే తెలియదు. నవ్వకండి. మన సంగతి మాత్రం ఏమిటి? మిరపకాయ లేని గోదావరి పులుసును ఊహించగలరా? ఆ మిరపకాయా అమెరికాదే! పోర్చుగీసువాళ్ళ ఓడల్లో పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. శ్రీనాథుడు తిన్న పులుసులో కారం మిరియాలదే. ఆవ ఘాటు మాత్రం మనకు పాతదే. అందుకే కాబోలు, పనసపొట్టుకూ, కందకూ, అరటిదూటకూ ఇప్పటికీ ఆవ ముద్ద కలిపితేనే గోదావరి వంట అనిపించుకుంటుంది.

సముద్రపు దారిన వచ్చినవాళ్ళు పోర్చుగీసువాళ్ళు ఒక్కరే కాదు. పదిహేడో శతాబ్దంలోనే డచ్చివారు పాలకొల్లులో కోఠీ పెట్టారు, నేతబట్టలు కొని ఓడలకెక్కించారు. కాకినాడ జగన్నాథపురంలోనూ ఉన్నారు. ఇంకో విచిత్రం చూడండి. 1585లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరం స్పెయినువారి చేత చిక్కినప్పుడు అక్కడి వర్తకులు చాలామంది ఆంస్టర్‌డాంకు తరలిపోయారు. 1602లో పెట్టిన డచ్చి కంపెనీలో వారి సొమ్ము కూడా ఉన్నది. పక్కనే యానాంలో పరాసువారు 1954 దాకా ఉన్నారు. ఇంతమంది దొరలు వచ్చి ఇన్నేళ్ళు ఉన్నా మన విస్తట్లో వారి వంటకం ఒక్కటీ స్థిరపడలేదు. వాళ్ళ ఓడలు తెచ్చిన కాయలూ విత్తులూ మాత్రం నిలిచిపోయాయి. మిరప, జీడిమామిడి, జామ, బొప్పాయి, టమాటా. అవి లేని పెరడు గోదావరిలో ఉన్నదా?

వరి పుష్కలమయ్యాక బియ్యంతో చేసే పిండివంటలకు కాలం వచ్చింది. అరిసెలు, పాకుండలు, పొంగడాలు, పాలతాలికలు, ఇవన్నీ చేసుకోవడం మీకు వచ్చు. వాటిని గురించి నేను చెప్పనక్కరలేదు. పూతరేకుల మాట మాత్రం చెప్పి తీరాలి. దీనికి ఆత్రేయపురం పెట్టింది పేరు. ఆ ఊరు ధవళేశ్వరానికి దిగువన, గోదావరి గట్టునే ఉన్నది. 2022లో జిల్లాలు విడదీసినప్పటినుంచీ కోనసీమ జిల్లాలోకి వస్తుంది. నానబెట్టిన బియ్యాన్ని వెన్నలా రుబ్బి పాలకన్నా కాస్త చిక్కగా పిండి కలుపుతారు. ప్రత్యేకంగా చేయించిన కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. దాని వీపు నున్నగా, మచ్చ లేకుండా ఉండాలి. కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చని గుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు ఆరి అంచులు లేస్తుంది. తీసి పక్కన పెడతారు. మంట ఒక పిసరు ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఏ థర్మామీటరూ లేదు. ఆ చేతికే తెలుసు.

రేకులు తీసేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుంటే వందలకొద్దీ రేకులు తీసి గాని లేవరు. వేసవిలో ఆ పొగలో, ఆ వేడిలో! మనం పట్నం దుకాణంలో రంగుల అట్టపెట్టె కొని, కాగితంలా ఉందే అని మెచ్చుకుంటూ తింటాం. రేకు తీసిన చేతికి దక్కేదానికీ పెట్టె మీద ఉన్న ధరకూ మధ్య చాలా దూరం ఉన్నది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే మరో ఊరివాళ్ళు ఆ పేరు పెట్టుకొని అమ్మకూడదు. ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకున్న తయారీదారుల సంఘం పేరు ఏమిటనుకున్నారు? సర్ ఆర్థర్ కాటన్ పేరే! పూతరేకుకూ ఆనకట్టకూ సంబంధం ఉన్నదని నాబోటివాళ్ళు చెప్పనక్కరలేదు, వాళ్ళకే తెలుసు.

కాజాల విషయం టూకీగా చెబుతాను. కాకినాడ గొట్టం కాజా కోటయ్యగారి పేరుతోనూ, తాపేశ్వరం మడత కాజా ఆ ఊరి పేరుతోనూ వాసికెక్కాయి. పాకం లోపల నిలిచేది ఒకటి, మడతల మధ్య ఊరేది ఇంకొకటి. ఏది గొప్ప అని అడిగి ఆ రెండూళ్ళ వియ్యంకులకు తగువు పెట్టకండి!

ఆనకట్ట ఇచ్చినదాన్నే చెప్పి, తీసుకున్నదాన్ని చెప్పకపోతే న్యాయం కాదు. పులస సంగతి అది. ఈ చేప నిజానికి సముద్రపు చేపే. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఉప్పునీరు విడిచి మంచినీటిలో ఈదినకొద్దీ దాని రుచి మారుతుంది. అప్పుడే అది పులస అవుతుంది. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిశ్ ఇదే. ఆనకట్టకు ముందు దానికి దారి తెరిచి ఉండేది. కట్టిన తరువాత ధవళేశ్వరం దగ్గర గోడ అడ్డం. ఆ దిగువనే గుడ్లు పెట్టాలి, ఆ దిగువనే వలలో పడాలి. పైగా ఏటి మొగల దగ్గరే మరపడవలు, సన్నకన్ను వలలు. ఏటిలో కలిసే మురికి సరేసరి. ఏటేటా పులస తగ్గిపోతున్నది. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత ఇప్పుడు అక్షరాలా నిజమయ్యే రోజులు వచ్చాయి. ఈమధ్య యానాం రేవులో ఒక్క చేప ఇరవై వేల రూపాయలకు పైగా పలికిన సందర్భాలున్నాయి. (ఆ సామెత కట్టినవాడు మగవాడే అయి ఉండాలి. పుస్తెలు ఎవరి మెడలోవి?)

పులస పులుసు వండే తీరులో తొందర పనికిరాదు. మట్టిదాక, కట్టెల పొయ్యి, సన్నని సెగ. చింతపండు పులుసు, పచ్చిమిర్చి, బెండకాయలు, పైన ఆవకాయ ఊట. పులుపులో ఊరి ముల్లు మెత్తబడాలి గనుక రాత్రి వండి తెల్లవారి తినాలంటారు.

బెల్జియంలో ఘెంట్ అనే ఊళ్ళో వాటర్‌జోయి అనే పులుసు ఉన్నది. మీగడా, గుడ్డుసొనా కలిపి చేస్తారు. మొదట అది ఆ ఊరి ఏటిచేపల పులుసు. కాలక్రమేణా ఏటిలో చేపలు తగ్గి, నీరు చెడి, చేప స్థానంలో కోడి వచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెబితే ఎక్కువమందికి కోడి పులుసే తోస్తుంది. మన పులుసు కూడా ఏ చెరువు చేపతోనో చేసి "పులస స్టైలు" అని అమ్మే రోజు వస్తుందంటారా? కొన్ని హోటళ్ళలో వచ్చేసింది కూడా!

అన్నం పండిన సీమలో అన్నదానానికీ పేరు వచ్చింది. లంకల గన్నవరంలోని డొక్కా సీతమ్మగారిని అపర అన్నపూర్ణ అంటారు. 1841లో మండపేటలో పుట్టారు, 1909లో పోయారు. ఏరు దాటి వచ్చే బాటసారులకు వేళ అనీ అవేళ అనీ చూడకుండా, కులం అడగకుండా పెట్టారు. వరదల్లో లంకల్లో చిక్కుకున్నవాళ్ళకు పడవల మీద అన్నం పంపించేవారని చెబుతారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆహ్వానం వస్తే వెళ్ళలేదనీ, ఆమె ఫొటో తీయించి తీసుకువెళ్ళారనీ కూడా ప్రతీతి. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టింది. ఆమె పుట్టింది ఆనకట్టకు పది పదకొండేళ్ళ ముందు. పెద్దదై చేయి చాపి పెట్టేనాటికి కాలువలు పారుతున్నాయి. గాదె నిండితే అందరూ పెట్టరు లెండి, ఆ గుణం ఆమెది. కాని గాదె నిండకపోతే ఎంత గుణవంతురాలైనా ఎన్నాళ్ళు పెట్టగలదు? ఈ రెండో మాట మనం తరచూ మరిచిపోతాము.

హోటలు బోర్డు మీద కనిపించని గోదావరి వంట ఇంకొకటున్నది. కాలువ తవ్వినవాళ్ళదీ, ఊడ్పులు ఊడ్చినవాళ్ళదీ. పనసపొట్టూ, నేతి బూరెలూ పొలమున్న ఇళ్ళవి. ఊడ్చిన ఆడవాళ్ళ ఇళ్ళలో చింతచిగురుతో ఎండు మెత్తళ్ళు, మురుగుకాలువలో పట్టిన చిన్న చేపలు, పీతలు, గట్టు మీద కోసిన పొన్నగంటికూర. రుచిలో అవి దేనికీ తీసిపోవు. అవి ఇప్పుడు ఆ ఇళ్ళలోనూ తగ్గిపోతున్నాయి. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చి వరిచేలే తగ్గాయి. చేలు లేనిచోట గట్టు ఏది, గట్టు మీది ఆకుకూర ఏది? మనం చిన్నచూపు చూసిన చోళ్ళు మాత్రం చక్కని సంచుల్లో, బియ్యాన్ని మించిన ధరకు, డాక్టరు సలహాతో మన ఇళ్ళకు తిరిగి వచ్చాయి.

అందరి ఇళ్ళలోనూ, ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఉమ్మడిగా ఉండినది తరవాణి కుండ. వార్చిన గంజి పారబోయకుండా కొత్త కుండలో పోసి, చల్లారాక గుప్పెడు అన్నం వేసి, కాసిని నీళ్ళు కలిపి, మూతి కట్టి ఓ మూల పెట్టేవారు. రోజూ కొంచెం గంజి, కొంచెం అన్నం చేరుస్తూ ఉంటే రెండు మూడు రోజులకు పులుపెక్కుతుంది. ఎండాకాలంలో పొద్దున్నే అందులో అన్నం తీసి, ఉప్పు వేసి, ఉల్లిపాయో మాగాయ టెంకో నంజుకొని తింటే మధ్యాహ్నం దాకా దాహం వేయదని పెద్దవాళ్ళ మాట. కుక్కరు వచ్చి గంజి వార్చడమే మానేసిన ఇళ్ళలో ఇది కుదరదు. ఓ ఆదివారం విడిగా గిన్నెలో ఎసరు పెట్టి వార్చి చూడండి. కుండ మాత్రం మట్టిదే ఉండాలి, స్టీలు గిన్నెలో ఆ వాసన రాదు.